బోడిగుండుకీ ఈత టోపీకీ

నా నెత్తిన వెంట్రుకలు రాలిపోయి ఇరవై ఏళ్ళయింది. ఆ సంగతి చూడగానే తెలుస్తుంది. అయినా మొన్న వేసవిలో విశాఖపట్నంలో ఒక ఈతకొలను గుమ్మం దగ్గర కూర్చున్న కుర్రాడు, "టోపీ లేందే దిగనివ్వం సార్, వెంట్రుకలు ఫిల్టర్లో అడ్డం పడతాయి" అన్నాడు. "పడటానికి ఏమైనా ఉంటే కదా నాయనా" అన్నాను. "రూలు సార్" అన్నాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడి వేస్తారని విన్నాను గానీ, బోడిగుండుకీ ఫిల్టరుకీ వేయడం అదే చూడటం. సరే, రబ్బరు టోపీ కొన్నాను. డాక్టరు చీటీ చూపించాను. ఫారం ఇచ్చాడు. అందులో ఒక గడి: ఈత వచ్చా, రాదా?

నాకు డెబ్భై రెండేళ్ళు. ఆ గడి ముందు పెన్ను పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆఖరికి వచ్చు అని రాశాను.

"ఎంత దూరం ఈదగలరు?" అన్నాడు, నమ్మకం చాలక.

"ఒకప్పుడైతే నాలుగు చుట్టల దూరం" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. మీకూ అర్థమై ఉండదు. అందుకే ఈ గోల.

మాది బుచ్చయ్యపేట. పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా వాణ్ణి. ఇల్లు కదల్లేదు, జిల్లాయే కదిలింది. వడ్డాది దగ్గర పెద్దేరు, విజయరామరాజుపేట దగ్గర తాచేరు. ఆ నీళ్ళన్నీ ఆఖరికి శారదలో కలిసి, అనకాపల్లి దాటి సముద్రానికి పోయేవే. మధ్యలో చెరువులు, గెడ్డలు, చెరుకు తోటకొక నుయ్యి. మా చిన్నప్పుడు గుంటడు ఇంట్లో కనబడకపోతే ఎవరింట్లో ఉన్నాడని కాదు, ఏ నీళ్ళలో ఉన్నాడని వెతికేవారు. ఏమీ ఎరగనట్టు ఇంటికొస్తే మా అమ్మ ముంజేతి మీద గోటితో ఒక గీత గీసేది. తెల్లగా చార పడిందా, ఏట్లో దిగినట్టే. ఆ పైన వీపు విమానం మోత.

ఆ రోజుల్లో ఈతకి ఫీజు లేదు. రెండు ఆనపబుర్రలు చాలు. సొరకాయని మేం ఆనపకాయంటాం. పాదు మీద నాలుగు కాయలు కూరకి కొయ్యకుండా ముదరనిచ్చేవారు. తీగ ఎండాక దించి అటక మీద పడేస్తే, వేసవి నాటికి లోపల గింజలు గలగలమనేవి. గోటితో కొడితే కొత్త కుండలా మోగాలి. మొద్దుగా పలికితే లోపల గుజ్జు ఇంకా ఆరలేదన్నమాట. తొడిమ దగ్గర సూదిబెజ్జమంత కంత ఉన్నా పనికిరాదు, నీళ్ళు తాగేస్తుంది. అలాంటివి రెండు ఎంచి, మెడల దగ్గర కొబ్బరితాడుతో జోడు కట్టి, తాడు రొమ్ము కిందికీ బుర్రలు చెరో చంక పక్కకీ వచ్చేలా వేసి, మా చిన్నతాత మమ్మల్ని చెరువులోకి తోసేవాడు. వారం రోజులు జోడుబుర్రలు. ఆ తర్వాత పెద్దది విప్పేసి చిన్నది ఒక్కటే. ఒక్క బుర్రతో మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు. ఆ ఒరుగు సర్దుకోవడానికి రెండో చెయ్యి తనంత తనే బార వేయడం నేర్చుకుంటుంది. ఇది ఎవరూ చెప్పరు, బుర్రే చెబుతుంది. ఒకనాడు నడి చెరువుదాకా పోయి చంక తడుముకుంటే బుర్ర లేదు. ముడి ఎప్పుడు విప్పేశాడో గానీ, చిన్నతాత గట్టు మీద గొంతుక్కూర్చుని పొగాకు చుట్టుకుంటున్నాడు.

ఇప్పుడో? పిల్లకి రంగురంగుల పలక, కాళ్ళకి రబ్బరు చేప తోకలు, కళ్ళకి అద్దాలు, చెవులకి బిరడాలు, ముక్కుకి క్లిప్పు. నవరంధ్రాల్లో సగం మూసేసి నీళ్ళలో దింపుతున్నారు. నీళ్ళు ఇక ఏ దారిన లోపలికి పోయి బుద్ధి చెప్పాలి? దిగాక నాలుగు బారలు వేసేసరికి గోడ. తిరుగు. మళ్ళీ గోడ. గానుగెద్దుకైనా కళ్ళకి గంత కట్టి, దూరం పోతున్నాననే భ్రమైనా మిగులుస్తారు.

చెరువు దాటితే ఏరు. ఏరంటే ఈత కాదు, చదువు. భాద్రపదంలో పెద్దేరు ఎర్రగా, నురగతో దిగేది. చిన్నతాత మమ్మల్ని దిగనిచ్చేవాడు కాదు. రెండు మూడు రోజులు ఒడ్డునే కూర్చోబెట్టేవాడు. నీరు నునుపుగా, నూనె పోసినట్టు పోతున్నచోట లోతు. ముడతలు పడుతూ గలగలమంటున్నచోట కింద ఇసుక తిన్నె. కొట్టుకొచ్చిన ఆకు ఉన్నచోటనే గిర్రున తిరుగుతోందా, అక్కడ సుడి. ఇవి అప్పగించాకే దిగడం. అవతలి రేవుకి పోవాలంటే ఎదురుగా దూకకూడదు. ఎగువన అర మైలు నడిచి, అక్కడ దిగి, ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. నేను ఓసారి మగతనం చూపిద్దామని ప్రవాహానికి అడ్డంగా గింజుకుంటే గట్టు మీదనుంచి అరిచాడు: "ఏట్రా గుంటా, ఏటితో దెబ్బలాడతావేటి? దాని దారిన దాన్ని పోనీ. నీ రేవులో నువ్వు తేలు!"

ఏటికి ఎదురీదడం మొనగాడితనమని సామెతల్లో, సభల్లో చెబుతారు. ఈత తెలిసినవాడెవడూ ఆ మాట అనడు.

ఇక దూరం ఈదే పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెబుతాను. 1966 ఏప్రిల్. నాకు పదమూడేళ్ళు. మా మాస్టారు పేపరు చదివి వినిపించారు. మిహిర్ సేన్ అని ఒక బెంగాలీ వకీలు సింహళం ఒడ్డున నీళ్ళలో దిగి, పాక్ జలసంధి ఈది, ధనుష్కోటిలో తేలాడు. 25 గంటల 36 నిమిషాలు. అప్పటికి ధనుష్కోటి ఊరు లేదు; 1964 డిసెంబరు తుఫానులో రైలుతో సహా కొట్టుకుపోయింది. ఊరు లేని ఒడ్డు కోసం ఒక మనిషి పగలూ రాత్రీ ఈదాడు! వెనకాల తోడుగా మన నౌకాదళం ఓడలు రెండు వచ్చాయి: ఒకటి సుకన్య, రెండోది శారద. 'శారద' అని మాస్టారు చదవగానే తరగతంతా గొల్లుమంది. మా ఏరు ఓడై ఆయన వెంట వెళ్ళినంత సంబరం. ఆయనే 1958 సెప్టెంబరులో ఇంగ్లిష్ ఛానల్ ఈదాడనీ మాస్టారు చెప్పారు. ఆ 1966లోనే జిబ్రాల్టరు, డార్డనెల్స్, బాస్ఫరస్ దాటి, అక్టోబరు ఆఖరుకి పనామా కాలువ కూడా ముగించాడు. పేపర్లో ఆయన పేరు పడ్డప్పుడల్లా కత్తిరించి లెక్కల పుస్తకంలో దాచేవాణ్ణి. లెక్కలు రాలేదు గానీ, అవి ఉండిపోయాయి.

నా సముద్రం పూడిమడక. చెరుకు కాటా దగ్గర గుమస్తాగా చేరిన కొత్తలో, గానుగ ఆడని నెలల్లో సైకిలు మీద పోయేవాణ్ణి. అక్కడ ఒక గంగపుత్రుడు స్నేహితుడయ్యాడు. ఆయన తెప్ప మీద, నేను నీళ్ళలో, ఒడ్డుకి వారగా దక్షిణానికి. ఆయన నోట్లో ఎప్పుడూ అడ్డచుట్టే, నిప్పున్న కొస లోపలికి. గాలి కొట్టినా, కెరటం చిమ్మినా ఆరదు, తొందరగా కాలదు. ముప్పావుగంటకి ఒకటి. మాకు వాచీలు లేవు, దూరానికి అదే కొలత. నా జన్మకి అత్యధికం నాలుగు చుట్టలు. ఐదో చుట్ట సగంలో ఉండగా జెల్లీ చేప ఒకటి మెడ నుంచి నడుము దాకా వాత పెట్టింది. తెప్ప మీదికి లాగాడు. ఆకలేస్తే తెడ్డు కొస మీద అనకాపల్లి బెల్లం ముక్క పెట్టి అందించేవాడు. తెప్పని మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. "ముట్టుకున్నావంటే ఇసకలోంచి మళ్ళీ మొదలెట్టు" అనేవాడు. ఇంగ్లిష్ ఛానల్ రూలూ అదేనని చాలా ఏళ్ళకి తెలిసింది. పడవని తాకితే ఈత చెల్లదు; తిండి కర్రతోనో తాడుతోనో అందించాలి. మా పూడిమడక మనిషికి ఆ రూలు ఎవరు చెప్పారు? నీళ్ళే చెప్పి ఉంటాయి.

ఇప్పుడు బెల్లం బదులు గొట్టంలో జిగురు పిండుకు తింటారట. ఎన్ని బారలు వేశారో వాచీ చెబుతుంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో ఫోను చెబుతుంది. ఈదినవాడికి మాత్రం ఏమీ తెలియదు. ఇంటికొచ్చి చూసుకుంటే గానీ తను అలసిపోయాడో లేదో తేలదు.

ఈ ధోరణిలోనే పోయిన సంక్రాంతికి మా మనవరాలి ముందు వాయించేస్తున్నాను. అది విశాఖలో ఇంటరు చదువుతోంది, కొలనులో ఈదుతుంది, పతకాలు కూడా ఉన్నాయి. "గోడల మధ్య ఈత ఈత కాదమ్మా, నీళ్ళలో కసరత్తు" అన్నాను. అది చప్పుడు చెయ్యకుండా ఫోనులో ఒక వార్త తీసి నా ముందు పెట్టింది. గోలి శ్యామల. సామర్లకోట ఆడపడుచు, వయసు యాభై రెండు. 2024 డిసెంబరు 28న విశాఖ ఆర్కే బీచిలో దిగి, రోజుకింత చొప్పున ఈదుకుంటూ జనవరి మొదటి వారంలో కాకినాడ చేరింది. 150 కిలోమీటర్లు. అంటే మా పూడిమడక ముందు నుంచే, శారద సముద్రంలో కలిసే చోటు దాటుకునే పోయింది. నేను ఆ పూట ఇంట్లో దుప్పటి కప్పుకుని చలి అంటూ కూర్చున్నాను.

"ఈవిడే 2021 మార్చిలో పాక్ జలసంధి కూడా ఈదింది తాతా. 13 గంటల 43 నిమిషాలు."

లెక్క కట్టాను. పద్దెనిమిది చుట్టలు దాటింది.

"ఏ ఏటి ఒడ్డున పెరిగిందో!" అన్నాను.

"నీళ్ళంటే భయమట. నలభై దాటాక హైదరాబాదులో, కొలనులో నేర్చుకుంది."

నేనేం తక్కువ తిన్నానా? "ఎవరో ఒకరుంటారు. మిహిర్ సేన్ సంగతి చెప్పు. గంగ ఒడ్డు మనిషి" అన్నాను. ఆ పిల్ల అదీ వెతికింది. ఆయన పుట్టింది పురూలియాలో. వకీలు చదువుకని ఇంగ్లండు పోయేదాకా అంతంతమాత్రపు ఈతగాడే. ఫ్లారెన్స్ చాడ్విక్ అనే అమెరికా ఆవిడ 1950లో ఛానల్ ఈదిందని చదివి పట్టుదల పుట్టి, అక్కడి వైఎంసీఏలో చేరి ఈత నేర్చుకున్నాడట.

"వైఎంసీఏ అంటే?"

"కొలను తాతా. నాలుగు గోడలు."

యాభై తొమ్మిదేళ్ళు లెక్కల పుస్తకంలో దాచుకున్న మనిషి, గోడల మధ్య ఈత నేర్చాడు! మా ఆవిడ వంటింట్లోంచి నవ్వడం వినిపించింది.

ఆ నవ్వు ఆగకముందే మా అప్ప అందుకుంది. ఆవిడకిప్పుడు డెబ్భై ఎనిమిది, పండక్కి వచ్చి ఉంది. "మా రోజుల్లో, మా రోజుల్లో అంటాడు. ఆ రోజులు ఈడివే, నావి కాదు" అంది. నిజమే. బుర్రలు లేకుండా చెరువు మొదట దాటింది అప్పే. పన్నెండో ఏడు రాగానే ఏటికి పంపడం మానేశారు. అది 1959. ఆ ఏడు సెప్టెంబరు 29నే ఆరతీ సాహా అనే పంతొమ్మిదేళ్ళ బెంగాలీ పిల్ల ఇంగ్లిష్ ఛానల్ ఈదింది. ఆసియా ఆడవాళ్ళలో మొదటిది. మా అప్పకి ఆ సంగతి ఎవరూ చదివి వినిపించలేదు. అప్ప అంతటితో ఆగలేదు. "ఏరు అందరిదీ అంటావు. మాలపేట వాళ్ళ రేవు దిగువన ఎందుకుండేదో కూడా చెప్పు పిల్లకి." చెప్పాల్సి వచ్చింది. ఎగువ మాది, దిగువ వాళ్ళది. నీళ్ళకి లేని అంతరం రేవుకి పెట్టాం. ఈ ఒక్క విషయంలో కొలను గుమ్మం దగ్గరి కుర్రాడే నయం; అందరికీ ఒకే టోపీ పెడుతున్నాడు.

మర్నాడు పిల్ల పట్టుబట్టింది, పెద్దేరులో ఈదుతానని. సరే, నా పరువు నిలబెట్టేది ఇక ఏరే అనుకుని బండి మీద వడ్డాది తీసుకెళ్ళాను. మా రోజుల్లో పుష్యమాసంలో కూడా రేవు దగ్గర రొమ్ములోతు ఉండేది. ఇప్పుడు చీలమండ తడిసేంత పాయ ఒకటి, మిగతా అంతా తుప్పలు. ఇసుక లేదు. ట్రాక్టర్ల మీద ఎన్నేళ్ళుగానో పోయింది. ఇసుక పోతే ఏముందిలే అనుకుంటారు. వానాకాలం నీటిని పట్టి ఉంచి, వేసవి దాకా కొంచెం కొంచెంగా విడిచేది ఆ ఇసుకే. చెలమ తవ్వితే మూరెడులో నీరు తగిలేది అందుకే. ఇసుక పోయాక నీరు వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోతోంది. పక్క పొలాల్లో బోర్లు లోతుకి, ఇంకా లోతుకి పోతున్నాయి. చెరుకు తోటల నూతులు చాలామంది పూడ్చేశారు.

పాయకి అవతల ఆకుపచ్చగా ఒక మడుగు కనిపించింది. "అదిగో, అక్కడ లోతుంది తాతా!" అని పిల్ల చెప్పులు విప్పింది. నేను రెక్క పట్టుకుని ఆపాను. అది మడుగు కాదు, ఇసుక తీసిన గొయ్యి. ఒడ్డు మెట్టుగా కోసుకుపోయి ఉంటుంది, కాలు పెడితే జారుతుంది, అడుగున బురద. నునుపుగా ఉంటే లోతు, ముడతలుంటే తిన్నె అని నేర్చుకున్న చదువు ఇక్కడ చెల్లదు. ఇది ఏరు తవ్వింది కాదు, యంత్రం తవ్వింది. నా జన్మలో ఒక పిల్లని "నీళ్ళలో దిగొద్దు" అనడం అదే మొదలు. ఆ మాట మా అమ్మది, నాది కాదు.

మా రోజుల్లో ఎవరూ పోలేదని అబద్ధం చెప్పను. నా తరగతి వాడొకడు నూతిలో దూకి, అడుగున రాతికి తల తగిలి పైకి రాలేదు. ఈత వచ్చినవాడే. సముద్రం మరీ అన్యాయం. 2022 జూలైలో పూడిమడకలో అనకాపల్లి ఇంజనీరింగు పిల్లలు కొట్టుకుపోతే, నేనీదిన ఒడ్డే కదా అని మూడు రోజులు అన్నం సయించలేదు. కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీరు వెనక్కి పోవడానికి ఒక సందు చేసుకుంటుంది. ఆ సందులో కెరటం విరగదు, నీరు నెమ్మదిగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అదే మంచి చోటనుకుని దిగుతారు. అది లోపలికి లాగుతుంటే తిన్నగా ఒడ్డు వైపే గింజుకుని అలసిపోతారు. ఒడ్డుకి వారగా పక్కకి పోతే ఆ లాగుడు దాటిపోతాం. అది చేతకాకపోతే తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యాలి. ఏటితో దెబ్బలాడొద్దన్న చిన్నతాత మాటే, కాస్త ఉప్పగా. ఈ నాలుగు ముక్కలు బడిలో చెబితే ఏం పోతుంది? ఆరు నదుల పేర్లు బట్టీ పట్టిస్తారు. ఒక్క నదిలో ఎలా దిగాలో చెప్పరు.

అందుకే వేసవిలో పిల్లతో కలిసి కొలనుకి పోయాను, టోపీ పెట్టుకుని. నీళ్ళు మందు కంపు. గోడ, తిరుగు, గోడ. అలా తిరుగుతుంటే ఒక సంగతి తట్టింది. పైన దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయంలో శారద నీటిని పట్టి ఉంచి, కాలువ మీదుగా విశాఖపట్నానికి తాగడానికి పంపుతారు. ఈ కొలనులోకి వచ్చిందీ ఆ నీరే అయినా అయి ఉండొచ్చు. మా ఏరే పట్నం వచ్చి ఉద్యోగంలో చేరి, "ఈత వచ్చా?" అని నన్ను అడిగిందన్నమాట. ఆ తర్వాత గోడ మీద కోపం కాస్త తగ్గింది. మిహిర్ సేన్ గోడల మధ్య నేర్చుకున్నా, బయటికొస్తే ఈదడానికి ఆయనకొక సముద్రం ఉంది. మా మనవరాలికి బార చక్కగా ఉంది, ఊపిరి నాకంటే బాగా పడుతుంది. పక్కన ఏరే లేదు. కొలను మీద ఇన్నాళ్ళు సణిగింది తప్పు చిరునామాకి పోయింది.

పారిస్‌లో సీన్ నదిలో ఈతని 1923లో నిషేధించారు, మురికని. నూటొక్క ఏళ్ళ తర్వాత, కోట్లు పోసి శుభ్రం చేసి, 2024 ఒలింపిక్స్‌లో పది కిలోమీటర్ల ఈత అందులోనే పెట్టారు. ఆటగాళ్ళు ముందుగా సాధన చేద్దామంటే నీళ్ళు బాలేవని కొన్ని రోజులు దిగనివ్వలేదు కూడా. అయినా 2025 జూలైలో మామూలు జనానికి రేవులు తెరిచారు. వాళ్ళకి పోయిన ఏరు రావడానికి నూరేళ్ళు పట్టింది. మనకి ఉన్న ఏరు పోవడానికి నా వయసు చాలింది.

ఈ వానాకాలం పెరట్లో ఆనపపాదు బాగా కాసింది. రెండు కాయలు కొయ్యొద్దని చెప్పాను. ఇప్పుడవి అటక మీద ఆరుతున్నాయి. నిన్న గోటితో కొట్టి చూశాను, ఒకటి మోగుతోంది, ఒకటి ఇంకా మొద్దుగా పలుకుతోంది. మనవరాలికి ఫోను చేసి చెబితే, "కొలనులోకి బుర్రలు రానివ్వరు తాతా" అని నవ్వింది.

మా ఆవిడ నవ్వలేదు. "రెండు పూటలకొచ్చే కూర. ఏ ఏట్లో ఈదడానికని ఎండబెట్టారట?" అంది.

ఇంతవరకూ జవాబు చెప్పలేదు. మొద్దుగా పలికేది మాత్రం ఎండ బాగా తగులుతుందని డాబా మీదకి మార్చాను.